రైతు ఇంట రేడియో అవసరం ఇంకా ఉందా?

విజయనగరం జిల్లా చీపురుపల్లి ప్రాంతం నుంచి ఒక యువ రైతు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల ఊరి రైతు సంఘం దగ్గర కొంత సొమ్ము పోగుపడింది. వీధికొక రేడియో సెట్టు కొని పెడితే వ్యవసాయ కార్యక్రమాలు అందరూ వింటారని పెద్దలు అంటున్నారు. ఇంటింటికీ ఫోను వచ్చాక ఇంకా రేడియో ఎందుకు, ఆ డబ్బు మందు కొట్టే యంత్రానికి పెడదామని యువకులు అంటున్నారు. రేడియో వల్ల రైతు కుటుంబానికి నిజంగా ఒరిగేది ఏమిటి, ఏ సంగతులు చూసుకుని నిర్ణయం తీసుకోవాలి అని ఆయన అడిగారు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వ్యవసాయ విస్తరణ పనిలోనే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. రేడియో వ్యవసాయ కార్యక్రమాల్లో మాట్లాడాను, ఆ మాటలు ఊళ్లకు ఎలా అందాయో పొలం గట్ల మీద రైతులను అడిగి తెలుసుకున్నాను. ఆ అనుభవంతో నా అభిప్రాయం ముందుగానే చెబుతాను. సెట్లు కొనండి, కానీ వీధికొకటి చొప్పున కాదు. సెట్టు చుట్టూ కూర్చుని మాట్లాడుకునే మనుషులను ముందు కుదుర్చుకుని, ఆ తరువాత కొనండి. ఇలా ఎందుకు అంటున్నానో తెలియాలంటే రేడియో విలువ ఎక్కడ ఉందో కాస్త వివరంగా చూడాలి.

ఫోనులో వచ్చిన సలహా ఆ ఫోను ఎవరి చేతిలో ఉంటే వారి దగ్గరే ఆగిపోతుంది. రేడియోలో వచ్చిన సలహా ఆ వేళకు ఇంట్లో ఉన్న అందరి చెవినా పడుతుంది. వినడానికి చేతిపని ఆపనక్కర లేదు, చదువు రానక్కర లేదు, ఎవరి అనుమతీ అడగనక్కర లేదు. మన రెండు జిల్లాల సంగతి తెలిసినవారికి ఈ తేడా ఎంత పెద్దదో వెంటనే అర్థమవుతుంది. ఇక్కడి ఊళ్ల నుంచి మగవాళ్లు భవన నిర్మాణం పనులకనీ, కర్మాగారాల పనులకనీ విశాఖపట్నం, హైదరాబాదు, చెన్నై నగరాలకు వలస పోవడం తరతరాలుగా ఉన్నదే. మగమనిషితో పాటు ఇంట్లో ఉన్న మంచి ఫోను కూడా వెళ్లిపోతుంది. పొలం మాత్రం ఇంటి ఇల్లాలి మీదా, ముసలి అత్తమామల మీదా పడుతుంది. 2011 జనగణన నాటికి విజయనగరం జిల్లాలో అక్షరాస్యత సుమారు 59 శాతం, శ్రీకాకుళం జిల్లాలో సుమారు 62 శాతం. ఆడవాళ్లలో అది ఇంకా తక్కువ. ఇలాంటి ఇంటికి అచ్చులో వచ్చిన కరపత్రం గాని, ఫోనుకు వచ్చిన సందేశం గాని చేరడం వేరు, అందడం వేరు.

ఇక పొలంలో ఏ పని ఎవరి చేతిలో ఉందో చూడండి. ఆకుతీత (నారు పీకడం), ఉభాలు (వరి నాట్లు), కలుపుతీత, కోత, కట్టెత్తడం, మినుములు పెసలు ఏరడం వంటి పనుల్లో ఎక్కువ భాగం ఆడవాళ్లదే. చేలో తెగులో పురుగో మొదలైనప్పుడు దాన్ని ముందుగా చూసేది వంగి కలుపు తీస్తున్న మనిషి. గట్టు మీద నడిచి వెళ్లే యజమాని కాదు. ఆమె ఆ పురుగు గురించి ముందే విని ఉంటే, అదే రోజు సాయంత్రం ఇంట్లో మాట వస్తుంది. వినకపోతే, చేను సుడులుగా ఎండిపోయి గట్టు మీది మనిషికి కనబడేదాకా మాట రాదు. వ్యవసాయ శాఖలో మేము చాలాకాలం సమావేశాలకు మగవాళ్లను పిలిచి, వాళ్లకు చెప్పి, ఊరికి చెప్పినట్టు భావించాం. ఆ లోటును కొంతైనా తీర్చినది ఇంట్లో మోగే రేడియోనే.

వరి రసం పీల్చే సుడిదోమ ఉదాహరణ చెబితే ఈ విషయం స్పష్టమవుతుంది. వంశధార, నాగావళి ఆయకట్టుల్లో రైతులు ఎంతో ఇష్టపడి వేసిన స్వర్ణ రకం, అంటే ఎం.టి.యు. 7029, ఈ దోమకు సులభంగా లొంగుతుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఆకాశం మబ్బుపట్టి, చేలో నీరు కదలక నిలిచి, యూరియా మోతాదు మించిన చోట దోమ దుబ్బు మొదట్లో చేరి రసం పీలుస్తుంది. పైనుంచి చూస్తే చేను పచ్చగానే కనిపిస్తుంది. దుబ్బుకు 10 నుంచి 15 దోమలు కనబడితే మందు కొట్టవలసిన స్థాయి వచ్చినట్టే. ఆ మందు ఆకుల మీద కాక దుబ్బు మొదలు తడిసేలా పడాలి. అయితే అసలు జాగ్రత్త అంతకు ఎంతో ముందు, ఉభాల రోజునే తీసుకోవాలి. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలితే గాలీ వెలుతురూ దుబ్బు మొదట్లోకి వెళ్తాయి, తరువాత మందు కొట్టే మనిషి లోపలికి నడవగలుగుతాడు. ఈ కాలిబాట వదలవలసినది ఉభాల జట్టు. రైతుకు తెలిసి జట్టుకు తెలియకపోతే, రోజు కూలి లెక్కలో వేగంగా సాగే ఆ పనిలో బాటలు వదలమని గట్టు మీద నిలబడి వాదించవలసి వస్తుంది. జట్టులోని ఆడవాళ్లు కూడా ఆ మాటను వాళ్ల ఇళ్లలో రేడియోలో విని ఉంటే వాదన అవసరం లేదు. ఇంకొక సంగతి కూడా ఉంది. దోమ ఒక మడికి కట్టుబడి ఉండదు. ఒకరు మందు కొడితే పక్క మడిలోకి పోతుంది, నాలుగు రోజులకు తిరిగి వస్తుంది. ఆయకట్టు మొత్తం ఒకే వారంలో నీరు తీసి, చేను ఆరబెట్టి, అవసరమైన చోట మందు కొట్టాలంటే, అందరూ ఒకే మాట ఒకే రోజున వినాలి. ఫోనులో వచ్చే వీడియోలు మంచివే కావచ్చు, కానీ ఒకరు ఈ రోజు చూస్తారు, మరొకరు పది రోజుల తరువాత చూస్తారు. ఒక వీడియో గోదావరి జిల్లాల చేను గురించి చెబుతుంది, మరొకటి తెలంగాణ చేను గురించి చెబుతుంది.

రేడియో సెట్టు ఉన్నంత మాత్రాన ఫలితం రాదని మన దేశంలోనే ఎంతో ముందు తేలింది. 1956లో ఆకాశవాణి, యునెస్కో సహకారంతో, పుణె చుట్టుపక్కల ఐదు జిల్లాల్లోని 150 గ్రామాల్లో ఒక ప్రయోగం చేసింది. ప్రతి గ్రామంలోనూ కొద్దిమందిని ఒక బృందంగా కూర్చారు. ఆ బృందానికి ఒక అధ్యక్షుడు, ఒక నిర్వాహకుడు ఉండేవారు. వారానికి రెండు రోజులు సాయంత్రం అరగంట కార్యక్రమం విని, అక్కడే కూర్చుని చర్చించి, తమ ఊళ్లో ఏం చేయాలో నిర్ణయించుకుని, వచ్చిన సందేహాలను రేడియో కేంద్రానికి రాసేవారు. ఆ సందేహాలకు తరువాతి కార్యక్రమాల్లో సమాధానాలు వచ్చేవి. ఫలితాలను టాటా సామాజిక శాస్త్రాల సంస్థ పరిశీలించింది. బృందాలు ఉన్న ఊళ్లలో రైతుల అవగాహన బాగా పెరిగింది. రేడియో ఉండి బృందం లేని ఊళ్లలో పెరుగుదల అతి స్వల్పం. ఈ ప్రయోగం తరువాతే 1959లో రేడియో గ్రామీణ వేదికల పథకాన్ని దేశమంతటికీ విస్తరించారు.

మన దగ్గర కూడా పంచాయతీ రేడియోల కాలం చూసినవారు ఇంకా ఉన్నారు. పంచాయతీ కార్యాలయం మీద లౌడ్‌స్పీకరు, సాయంత్రం వార్తలు, ఆ తరువాత గ్రామస్థుల కార్యక్రమం. ఏ ఊళ్లో గ్రామసేవకుడో, బడి పంతులో, చదువుకున్న రైతో కార్యక్రమం అయ్యాక కూడా కూర్చుని నాలుగు మాటలు మాట్లాడించేవాడో ఆ ఊళ్లో కొత్త విత్తనం త్వరగా వచ్చేది. అలాంటి మనిషి లేని ఊళ్లో లౌడ్‌స్పీకరు అలాగే మోగి ఆగిపోయేది. సొమ్ము సెట్ల మీద పెట్టే ముందు మనుషులను కుదుర్చుకోమని నేను చెప్పడానికి కారణం ఇదే.

మాట బలం ఎంతో తెలియజేసే ఉదాహరణ తమిళనాడులో ఉంది. 1960ల నడుమ తంజావూరు ప్రాంతంలో ఏ.డి.టి. 27 అనే వరి రకాన్ని రైతులు ‘రేడియో వరి’ అని పిలిచేవారు. దాని గురించి వాళ్లు మొదట విన్నది తిరుచ్చి రేడియోలో కాబట్టి. అధిక దిగుబడి వంగడాలు వచ్చిన ఆ కాలంలోనే, 1966లో, ఆకాశవాణి తన కేంద్రాల్లో వ్యవసాయ, గృహ విభాగాలను ఏర్పాటు చేయడం మొదలుపెట్టింది. ఆ పేరులో గృహం కూడా ఉండడం నాకు ఎప్పుడూ సంతోషం కలిగించే విషయం. పాలిచ్చే గేదె మేత, విత్తనాల నిల్వ, పసిపిల్లల ఆహారం, చోళ్లు (రాగులు), గంటెల (సజ్జల) వంటకాలు ఒకే కార్యక్రమంలో భాగంగా వచ్చేవి, రైతు కుటుంబంలో పొలానికీ ఇంటికీ మధ్య గోడ లేదు కాబట్టి.

మన ప్రాంతం సంగతికి వస్తే, తొలి తెలుగు ప్రసారాలు 1938 జూన్ 16న మొదలైన మద్రాసు కేంద్రం నుంచి వచ్చాయి. విజయవాడ కేంద్రం 1948లో, విశాఖపట్నం కేంద్రం 1963లో వచ్చాయి. ఉత్తరాంధ్ర రైతుకు విశాఖ కేంద్రం రావడం చాలా ముఖ్యమైన మలుపు. ఎందుకంటే వ్యవసాయ సలహా ఎంత దగ్గరి నుంచి వస్తే అంత పనికొస్తుంది. కృష్ణా డెల్టాలో నాట్లు పడే వారం, మన గెడ్డల (వాగుల) కింద, చెరువుల కింద ఉభాలు పడే వారం ఒకటి కావు. రాగోలు పరిశోధన కేంద్రం మన పల్లపు భూములకోసం ఇచ్చిన శ్రీకాకుళం సన్నాల గురించి గాని, విజయనగరం కేంద్రం ఇచ్చిన చంపావతి వంటి చోడి రకాల గురించి గాని, ఆమదాలవలసలో గోగు మీద జరిగిన పని గురించి గాని చెప్పడానికి పొరుగు ప్రాంతపు కేంద్రానికి అంత అవసరం ఉండదు. నైర వ్యవసాయ కళాశాల అధ్యాపకులూ, ఈ కేంద్రాల శాస్త్రవేత్తలూ విశాఖ వెళ్లి మాట్లాడినప్పుడు, అది మా మడి గురించి చెబుతున్న మాట అని రైతు గుర్తుపడతాడు. తోటి రైతు గొంతు వినిపిస్తే ఆ నమ్మకం ఇంకా పెరుగుతుంది. రాజాం దగ్గరి రైతు తన యాసలో, ఎకరాకు ఎంత పెట్టాడో, ఎన్ని బస్తాలు వచ్చాయో చెబితే, శాస్త్రవేత్త చెప్పిన దానికంటే అది త్వరగా పాకడం నేను చాలాసార్లు చూశాను.

భాష గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండ ఊళ్లలోని సవర రైతులకు మన మైదానపు తెలుగు సలహా సగమే అందుతుంది. వాడుక తెలుగు కోసం నిలబడిన గిడుగు రామమూర్తి గారు ఈ ప్రాంతంవారే. సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు కూర్చినదీ ఆయనే. జీడి పూతకు వచ్చే టీ దోమ గురించి, చిరుధాన్యాల విత్తనాల గురించి ఆ భాషలో, ఆ భాష మాట్లాడే రైతు నోటితో చెప్పించడం రేడియో చేయగలిగిన ఉత్తమమైన పనుల్లో ఒకటని నా నమ్మకం.

తుపానుల విషయంలో రేడియో విలువను వేరే కొలతతో చూడాలి. మన తీరానికి పెద్ద తుపానులు ఎక్కువగా అక్టోబరు, నవంబరు నెలల్లో వస్తాయి. సరిగ్గా అప్పుడే వరి పొట్ట దశ నుంచి కోత దశ వరకూ ఏదో ఒక స్థితిలో ఉంటుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ, 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటిన గులాబ్, ఇలా వరుసగా చూశాం. తిత్లీ తరువాత ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కూలిపోయి, చాలా ఊళ్లకు రోజుల తరబడి విద్యుత్తు లేదు. ఫోనుకు ఛార్జింగు లేదు, చాలా చోట్ల సిగ్నలు లేదు. అలాంటి రోజుల్లో రెండు సెల్లులతో నడిచే సెట్టు ఇంట్లో ఉంటే, బయటి ప్రపంచం నుంచి మాట వస్తుంది. దూరాన ఉన్న కేంద్రం నిలబడి ఉంటే చాలు, ఊరి పక్కన ఏ స్తంభం కూలినా ఆ మాట ఆగదు.

తుపానుకు ముందు చెప్పే మాటకు విలువ గంటల లెక్కన ఉంటుంది. కోసిన పనలు చేలో ఉంటే కుప్ప వేయాలా వద్దా, కోతకు వచ్చిన చేను కోయాలా ఆపాలా అనే నిర్ణయం ఆ పూటే తీసుకోవాలి. వాన తరువాత చేసే పనులకూ గడువు తక్కువే. చేలోని నీటిని బయటకు తీయడం, పడిపోయిన దుబ్బులను నాలుగైదు కలిపి లేపి కట్టడం, తడిసిన పనల మీదా, నేలకొరిగిన కంకుల మీదా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపిన ద్రావణం చల్లి గింజ మొలకెత్తకుండా చూడడం, ఇవన్నీ ఒకటి రెండు రోజుల్లో జరగాలి. ఉప్పు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. దాన్ని ఎంత కలపాలో, ఎప్పుడు చల్లాలో చెప్పే గొంతు ఆ రోజు వినబడడమే కావలసినది. చేపల వేటకు వెళ్లే తీర గ్రామాల కుటుంబాలకైతే ఇది ప్రాణం సంగతి.

తుపాను లేని రోజుల్లో కూడా భారత వాతావరణ శాఖ, వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి ప్రతి మంగళవారం, శుక్రవారం ఇచ్చే వ్యవసాయ వాతావరణ సలహాలు ఉంటాయి. వచ్చే ఐదు రోజుల వాన, గాలి, వాటిని బట్టి చేయవలసిన పనులు వాటిలో ఉంటాయి. మందు కొట్టడానికి రేపటి వరకు ఆగాలా, యూరియా ఈ రోజే వేయాలా అన్నవి చిన్న నిర్ణయాలుగా కనిపించినా, ఒక వాన పడితే కొట్టిన మందూ, పోసిన కూలీ రెండూ పోతాయి.

ఇంత చెప్పాక రేడియోతో రాని పనులు కూడా చెప్పాలి. రేడియో ఆకు మీది మచ్చను చూపలేదు. వినేవాడు చూసినది అగ్గితెగులా, పొడ తెగులా అన్నది గొంతు విని తేల్చుకోవడం కష్టం. అక్కడ ఫోనులో తీసిన ఫోటోకూ, రైతు సేవా కేంద్రంలోని వ్యవసాయ సహాయకులకూ, కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 నంబరుకూ సాటి లేదు. ఆ నంబరు ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు తెలుగులోనూ పలుకుతుంది, ఖర్చు లేదు. రెండో ఇబ్బంది మోతాదులది. వరి విత్తన శుద్ధికి కార్బెండజిమ్ పొడి పద్ధతిలో కిలో విత్తనానికి 3 గ్రాములు, తడి పద్ధతిలో లీటరు నీటికి 1 గ్రాము. ఈ రెండు అంకెలూ ఒకసారి గబగబా చదివితే వినేవారికి తారుమారు కావడం సహజం. అంకెలను రెండుసార్లు నిదానంగా చెప్పడం ప్రసారం చేసేవారి బాధ్యత. ఒక పుస్తకంలో రాసుకోవడం వినేవారి బాధ్యత. మూడోది, మాట ఒకవైపే పోవడం. 2004లో మొదలైన కిసాన్‌వాణి వంటి కార్యక్రమాలూ, ఫోను కలిపి మాట్లాడించే పద్ధతీ దీన్ని కొంత సరిచేశాయి గాని, ఊరి నుంచి ప్రశ్న పోకపోతే కేంద్రానికి ఊరి సంగతి తెలియదు.

కొందరు సొంత రేడియో కేంద్రమే పెట్టుకుందామని కూడా అంటుంటారు. వాయు తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది; లాభాపేక్ష లేని నమోదిత సంస్థలకు సామాజిక రేడియో నడిపే అవకాశం 2006 నుంచి ఉంది. 2008 అక్టోబరు 15న మెదక్ జిల్లాలో, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో, జహీరాబాదు దగ్గరి మాచనూరులో దళిత మహిళా రైతులు మొదలుపెట్టిన సంఘం రేడియో దీనికి గొప్ప ఉదాహరణ. విత్తనాలూ, పాటలూ, చిరుధాన్యాల సాగూ వాళ్ల నోటనే వినిపిస్తాయి. అయితే ఇలాంటి కేంద్రం 100 వాట్ల శక్తితో 10, 15 కిలోమీటర్ల వరకే వినబడుతుంది. రోజూ కార్యక్రమం తయారుచేసే మనుషులు కావాలి. ఒక ఊరి సంఘం మిగులు సొమ్ముతో అయ్యే పని కాదు. మండలంలోని సంఘాలన్నీ కలిసి, కృషి విజ్ఞాన కేంద్రం వంటి సంస్థను ముందుకు తెస్తే అప్పుడు ఆలోచించవచ్చు.

సెట్లు కొనే ముందు ఒక పరీక్ష తప్పనిసరిగా చేయండి. విశాఖ కేంద్రం చాలాకాలంగా మీడియం వేవ్‌లో 927 కిలోహెర్ట్జ్ మీద వినిపిస్తూ వచ్చింది. మీడియం వేవ్ నేలను అంటిపెట్టుకుని దూరం ప్రయాణిస్తుంది కాబట్టి కొండల వెనుక ఊళ్లకు కూడా చేరుతుంది, ఎఫ్.ఎం. స్పష్టంగా ఉంటుంది గాని కొండ అడ్డం వస్తే ఆగిపోతుంది. దేశమంతటా మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను దశలవారీగా తగ్గిస్తున్నారు కనుక, ఎవరి దగ్గరైనా సెట్టు అరువు తెచ్చి, మీ ఊళ్లో తెల్లవారుజామునా, సాయంత్రమూ రెండు బ్యాండ్లలోనూ ఏది ఎలా వినబడుతోందో వారం రోజులు చూడండి. మీడియం వేవ్‌లో గరగర వస్తే సెట్టును అడ్డంగా అటూ ఇటూ తిప్పి చూడండి, ఒక దిక్కున స్పష్టంగా పలుకుతుంది; ఎల్.ఇ.డి. బల్బులకూ మోటార్లకూ దూరంగా పెట్టండి. రెండు బ్యాండ్లూ ఉండి, సెల్లులతోనూ కరెంటుతోనూ నడిచే సాదా సెట్టు చాలు. మందు కొట్టే యంత్రం ధరలో చిన్న భాగానికే మూడు నాలుగు సెట్లు వస్తాయి కాబట్టి, రెంటిలో ఒకటే అన్న తగువు కూడా అక్కర లేదు.

ఆ సెట్లలో ఒకటి డ్వాక్రా సంఘం కూర్చునే చోట ఉండాలని నా గట్టి సలహా. ఒకటి రామమందిరం అరుగు మీద ఉండవచ్చు, ఒకటి ఊరికి దూరంగా ఉన్న పేటలో ఉండాలి. సాధారణంగా సెట్లు ఊరి నడుమే ఆగిపోయి, కౌలు రైతులూ కూలి కుటుంబాలూ ఉండే పేటకు చేరవు. ప్రతి చోటా ఒక నిర్వాహకురాలిని గాని, నిర్వాహకుణ్ణి గాని పెట్టుకోండి; ఆ మనిషి చేయవలసినవి మూడే: వేళకు సెట్టు పెట్టడం, చెప్పిన మందు పేరూ మోతాదూ పుస్తకంలో రాయడం, అయ్యాక పది నిమిషాలు అందరినీ మాట్లాడించడం. ఉభాల రోజుల్లో, నూర్పుల రోజుల్లో జనం రారు. దానికి నిరుత్సాహపడకండి, ఆ నెలల్లో ఇళ్లలోనే వింటారు.

మాట్లాడుకున్నప్పుడు తేలని సందేహాలను నెలకొకసారి ఉత్తరంగా రేడియో కేంద్రానికి రాయండి. మండలం, భూమి పల్లమో మెట్టో, వేసిన రకం, విత్తిన తేదీ, కనబడిన లక్షణం అన్నీ అందులో ఉండాలి. అవి ఉంటేనే సమాధానం చెప్పే శాస్త్రవేత్త మీ చేను గురించి చెప్పగలుగుతారు. ఉత్తరం మీద సంఘం పేరుతో పాటు అడిగిన రైతు పేరు, ముఖ్యంగా అడిగినది ఆడమనిషి అయితే ఆమె పేరు, తప్పకుండా రాయండి. తన పేరు రేడియోలో విన్న మనిషి తరువాతి కార్యక్రమానికి ఇంకో నలుగురిని వెంటబెట్టుకుని వస్తుంది.